విద్యుద్వాహకత ఆధారంగా పదార్థాల వర్గీకరణ – నేల, సాగునీటి పరీక్షలకు అన్వయం

సారాంశం

విద్యుత్తును ప్రసరింపజేసే శక్తిని బట్టి పదార్థాలను వాహకాలు, అర్ధవాహకాలు, బంధకాలు, విద్యుద్విశ్లేష్యాలు అని వర్గీకరిస్తారు. నేల ద్రావణం, సాగునీరు ఈ చివరి తరగతికి చెందుతాయి. అందువల్ల వాటి విద్యుద్వాహకత వాటిలో కరిగిన లవణాల మొత్తానికి సూచికగా ఉపయోగపడుతుంది. అయితే ఒకే అంకె వేర్వేరు నేలల్లో, వేర్వేరు పరీక్షా పద్ధతుల్లో వేర్వేరు అర్థాలను ఇస్తుంది. ఆ అంకె దేనిని కొలుస్తుంది, దేనిని కొలవదు అనే విషయంలో స్పష్టత లేకపోతే, పాల చౌడుకు చేయవలసిన చికిత్సను కారు చౌడుకు సిఫారసు చేసే ప్రమాదం ఉంది. వర్గీకరణ వెనుక ఉన్న భౌతిక సూత్రాలను, నేల, నీటి పరీక్షలలో వాడే ప్రమాణాలను, పరీక్షా ఫలితాన్ని చదివే పద్ధతిని ఈ వ్యాసం ఉదాహరణలతో వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

భూసార పరీక్షా పత్రంలో ఉదజని సూచిక పక్కనే లవణ సూచిక, అంటే విద్యుద్వాహకత, కనిపిస్తుంది. పరీక్షలన్నింటిలో అతి తక్కువ సమయంలో, అతి తక్కువ ఖర్చుతో పూర్తయ్యేది ఇదే. ఆ కారణంగానే దీనిపై శ్రద్ధ కూడా తక్కువే. పత్రంలో అంకె 1 లోపు ఉంటే నేల సాధారణమైనదని, 4 దాటితే చౌడు నేల అని రాసి ముగించడం పరిపాటి. ఈ రెండు అంకెలు రెండు వేర్వేరు పరీక్షా పద్ధతులకు చెందినవన్న విషయం చాలా సందర్భాలలో మరుగున పడుతుంది. ఫలితంగా విత్తనం మొలవని నేలకు సాధారణమైన నేల అన్న ముద్ర పడవచ్చు. మంచి నేలకు అనవసరంగా జిప్సం సిఫారసు కావచ్చు. రెండు సందర్భాలలోనూ నష్టపోయేది రైతే.

పదార్థాలలో నాలుగు తరగతులు

విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థాలకు, ప్రసరింపజేయని పదార్థాలకు మధ్య తేడాను 1729లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ గ్రే ప్రయోగపూర్వకంగా చూపాడు. తదుపరి కాలంలో ఈ తేడాను సంఖ్యలలో చెప్పడం సాధ్యమైంది. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మీటరు అడ్డుకోత గల పదార్థం విద్యుత్తుకు కలిగించే నిరోధాన్ని విశిష్ట నిరోధం అంటారు. దాని విలోమమే విద్యుద్వాహకత. నిరోధానికి ప్రమాణం ఓమ్ కాబట్టి, వాహకతకు ఆ పేరునే తిరగవేసి మో అని పిలిచేవారు. 1971లో అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ దీనికి సైమన్ అనే పేరును స్వీకరించింది.

మొదటి తరగతి వాహకాలు. వెండి వాహకత మీటరుకు సుమారు 6.3 కోట్ల సైమన్లు. రాగికి 5.9 కోట్లు, అల్యూమినియంకు 3.7 కోట్లు, ఇనుముకు దాదాపు 1 కోటి ఉంటుంది. లోహాలలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు విద్యుత్తును మోస్తాయి. ఉష్ణోగ్రత పెరిగితే పరమాణువుల కంపనం ఎక్కువై ఎలక్ట్రాన్ల గమనానికి అడ్డు తగులుతుంది. అందువల్ల లోహాల వాహకత వేడితో తగ్గుతుంది.

రెండవ తరగతి అర్ధవాహకాలు. సిలికాన్, జెర్మేనియం ఇందుకు ఉదాహరణలు. వీటిలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా సంచరించడానికి కొంత శక్తి అవసరం. ఆ శక్తి అంతరం సిలికాన్‌లో సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. శుద్ధమైన సిలికాన్ వాహకత గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు 0.0004 సైమన్ల ప్రాంతంలో ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగితే మరిన్ని ఎలక్ట్రాన్లు విడుదలై వాహకత పెరుగుతుంది.

మూడవ తరగతి బంధకాలు. గాజు, రబ్బరు, పింగాణి, ఎండిన కర్ర ఈ కోవలోనివి. వజ్రంలో శక్తి అంతరం 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు కావడం వల్ల సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఎలక్ట్రాన్లు దానిని దాటలేవు. గాజు వాహకత మీటరుకు ఒక సైమన్‌లో వెయ్యి కోట్లవ వంతు కంటే కూడా తక్కువ.

నాలుగవ తరగతి విద్యుద్విశ్లేష్యాలు. వీటిలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు కావు, అయాన్లు. లవణం నీటిలో కరిగినప్పుడు ధన, ఋణ అయాన్లుగా విడిపోతుందన్న సిద్ధాంతాన్ని 1887లో స్వాంటె అరీనియస్ ప్రతిపాదించాడు. శుద్ధమైన నీటి వాహకత 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మీటరుకు 0.000055 డెసీసైమన్లు మాత్రమే. సముద్రపు నీటి వాహకత సుమారు 50 డెసీసైమన్లు. ఒక డెసీసైమన్ వాహకత గల సాగునీరు శుద్ధజలం కంటే 18,000 రెట్లు అధికంగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. అయినా రాగి తీగ దానికంటే దాదాపు 60 కోట్ల రెట్లు మెరుగైన వాహకం. లవణజలం ఎంత ఉప్పగా ఉన్నా లోహంతో పోల్చదగినది కాదు.

ఈ నాలుగు తరగతులకు ప్రయోగశాలలోని విద్యుద్వాహకత మాపకమే చక్కని ఉదాహరణ. దాని తీగలు రాగితో చేసిన వాహకాలు. ఎలక్ట్రోడును చుట్టి ఉండే గాజు లేక ప్లాస్టిక్ తొడుగు బంధకం. ఉష్ణోగ్రతను పసిగట్టే థర్మిస్టర్ అర్ధవాహకం. గ్లాసులోని నమూనా విద్యుద్విశ్లేష్యం. విద్యార్థులకు ఈ వర్గీకరణను బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉపకరణం అవసరం లేదు.

నేల ఏ తరగతికి చెందుతుంది?

నేలలోని ఇసుక, ఒండ్రు రేణువులు ప్రధానంగా క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు. పొడిగా ఉన్నప్పుడు ఇవి బంధకాలు. కాబట్టి పూర్తిగా ఎండిన ఇసుక నేల దాదాపు విద్యుత్తును ప్రసరింపజేయదు. అదే నేల తడిసినప్పుడు రేణువుల మధ్య రంధ్రాలలోని నీరు, అందులో కరిగిన లవణాలు వాహక మార్గాన్ని ఏర్పరుస్తాయి. బంకమన్ను రేణువుల ఉపరితలంపై ఋణావేశం ఉండడం వల్ల వాటిని అంటిపెట్టుకున్న కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం అయాన్లు కూడా కొంత మేరకు విద్యుత్తును మోస్తాయి.

అంటే, నేల ఒకే తరగతికి చెందిన పదార్థం కాదు. బంధకం, విద్యుద్విశ్లేష్యం కలిసిన మిశ్రమం. పొలంలో నేరుగా కొలిచే వాహకత నాలుగు అంశాలపై ఆధారపడుతుంది: లవణాల గాఢత, తేమ శాతం, బంకమన్ను శాతం, ఉష్ణోగ్రత. తేమతో ఉన్న నల్లరేగడి నేల లవణాలు లేకపోయినా అధిక వాహకతను చూపవచ్చు. ఎండిన ఇసుక నేల లవణాలు ఉన్నా తక్కువ వాహకతను చూపవచ్చు. పొలంలో నడిపించే విద్యుదయస్కాంత ప్రేరణ పరికరాల అంకెలను నేరుగా లవణీయతగా భావించరాదనడానికి కారణం ఇదే. అటువంటి పటం నేలలోని వైవిధ్యాన్ని చూపుతుంది. ఆ వైవిధ్యానికి కారణం లవణమా, బంకమన్నా, తేమా అన్నది నమూనాలు తీసి పరీక్షించిన తరువాతనే తేలుతుంది.

నేల లవణాలను విద్యుత్ పద్ధతిలో అంచనా వేసే ప్రయత్నం కొత్తది కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో విట్నీ, మీన్స్ 1897లోనే ఇందుకు ఒక పద్ధతిని ప్రచురించారు. నేల ఆకృతి, తేమ వల్ల కలిగే తేడాలను తొలగించి, లవణాల ప్రభావాన్ని మాత్రమే వేరుచేసి చూడవలసిన అవసరం నుంచే సంతృప్త ముద్ద సారం అనే ప్రామాణిక పద్ధతి రూపుదిద్దుకుంది.

సంతృప్త ముద్ద సారం – ప్రమాణం ఎందుకయింది?

నేల నమూనాకు శుద్ధజలాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, ముద్ద మెరుస్తూ, గరిటె నుంచి జారిపడే స్థితి వచ్చేవరకు కలియబెట్టి, దాని నుంచి శూన్య పీడనంతో తీసిన ద్రవమే సంతృప్త సారం. ఈ స్థితికి పట్టే నీరు ఇసుక నేలలో తక్కువ, బంకమట్టి నేలలో ఎక్కువ. విస్తృత శ్రేణి నేలలలో ఈ నీరు క్షేత్ర సామర్థ్యం వద్ద ఉండే నీటికి సుమారు రెండు రెట్లు, శాశ్వత వాడు స్థితి వద్ద ఉండే నీటికి సుమారు నాలుగు రెట్లు. అందువల్ల పైరు వేరుకు తగిలే నేల ద్రావణానికి, ప్రయోగశాల అంకెకు మధ్య ఒక స్థిరమైన సంబంధం ఏర్పడుతుంది. సంతృప్త సారంలో 4 డెసీసైమన్లు ఉంటే, క్షేత్ర సామర్థ్యం వద్ద వేరు చుట్టూ ఉన్న ద్రావణంలో దాదాపు 8 ఉంటుందని అంచనా. నేల ఇంకా ఆరినకొద్దీ ఆ గాఢత మరింత పెరుగుతుంది.

ఈ పద్ధతిని ప్రామాణికం చేసి, చౌడు నేలల వర్గీకరణను స్థిరపరచినది కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో గల అమెరికా లవణీయతా ప్రయోగశాల. ఎల్. ఎ. రిచర్డ్స్ సంపాదకత్వంలో 1954లో వెలువడిన 60వ సంఖ్య కరదీపిక ప్రకారం సంతృప్త సార వాహకత, మీటరుకు డెసీసైమన్లలో, ఈ విధంగా అన్వయించబడుతుంది:

0 – 2: లవణ ప్రభావం దాదాపు శూన్యం.
2 – 4: లవణాలను ఏమాత్రం తట్టుకోలేని పైర్ల దిగుబడి తగ్గవచ్చు.
4 – 8: అనేక పైర్ల దిగుబడి తగ్గుతుంది.
8 – 16: తట్టుకోగల పైర్లు మాత్రమే సంతృప్తికరంగా పండుతాయి.
16 పైన: బాగా తట్టుకోగల అతి కొద్ది పైర్లు మాత్రమే పండుతాయి.

పైర్ల స్పందనను మరింత నిర్దిష్టంగా చెప్పే పద్ధతిని 1977లో మాస్, హాఫ్‌మన్ ప్రతిపాదించారు. ప్రతి పైరుకు ఒక అవధి విలువ ఉంటుంది. అంతవరకు దిగుబడి తగ్గదు. ఆ అవధి దాటిన తరువాత ప్రతి డెసీసైమన్‌కు నిర్ణీత శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది. వరికి అవధి 3.0, తగ్గుదల 12 శాతం. వేరుశనగకు 3.2, 29 శాతం. మొక్కజొన్నకు 1.7, 12 శాతం. చెరకుకు 1.7, 5.9 శాతం. ఉల్లికి 1.2, 16 శాతం. పత్తికి 7.7, 5.2 శాతం. వేరుశనగ, వరి అవధులు దాదాపు సమానమే అయినా, అవధి దాటిన తరువాత వేరుశనగ ఎంత వేగంగా దెబ్బతింటుందో ఈ అంకెలు తెలుపుతాయి. ఈ విలువలు సాపేక్ష మార్గదర్శకాలు మాత్రమే. రకం, వాతావరణం, పైరు దశను బట్టి మారుతాయి. వరి నారు దశలోను, పూత దశలోను లవణాలకు ఎక్కువగా లోనవుతుంది.

ఒకే అంకె, మూడు తీర్పులు

సంతృప్త సారాన్ని తీయడానికి సమయం, పరికరాలు అవసరం. వేల సంఖ్యలో నమూనాలు వచ్చే భూసార పరీక్షా కేంద్రాలలో నేలకు రెండు లేక రెండున్నర రెట్లు నీరు కలిపి, ఆ ద్రావణంలోనే వాహకతను కొలుస్తారు. ఇందులో నీరు ఎక్కువ కాబట్టి లవణాలు పలచబడి అంకె తగ్గుతుంది. 1 లోపు సాధారణం, 1 – 2 మొలక దశకు ప్రమాదకరం, 2 – 4 సున్నితమైన పైర్లకు హానికరం, 4 పైన చాలా పైర్లకు హానికరం అన్న ప్రమాణాలు ఈ పలుచని ద్రావణం కోసం వాడుకలో ఉన్నవి. వీటిని సంతృప్త సార ప్రమాణాలతో కలపరాదు.

కలిపితే ఏమవుతుందో ఒక లెక్క ద్వారా చూడవచ్చు. నేల, నీరు 1:2.5 నిష్పత్తిలో మూడు నమూనాల వాహకత 0.8 డెసీసైమన్ అనుకొందాం. 100 గ్రాముల నేలకు ఇక్కడ వాడిన నీరు 250 గ్రాములు. మొదటిది తీర ప్రాంతపు ఇసుక నేల. సంతృప్త స్థితికి 25 గ్రాముల నీరు చాలు. రెండవది గరప నేల, 40 గ్రాములు. మూడవది నల్లరేగడి, 70 గ్రాములు. పలుచన నిష్పత్తులు వరుసగా 10, 6.25, 3.6. లవణాలన్నీ సులభంగా కరిగే క్లోరైడులైతే సంతృప్త సార వాహకత ఇసుక నేలలో సుమారు 8, గరప నేలలో 5, నల్లరేగడిలో 2.9 అవుతుంది.

ఆ ఇసుక నేలలో వేరుశనగ వేస్తే, మాస్-హాఫ్‌మన్ లెక్క ప్రకారం దిగుబడి ఆశించడానికి ఏమీ మిగలదు. గరప నేలలో వరి దిగుబడి 24 శాతం తగ్గుతుంది. నల్లరేగడిలో పత్తికి ఏ నష్టమూ ఉండదు. మూడు పత్రాలలోనూ ముద్రితమయ్యేది మాత్రం 0.8, సాధారణం. తేలికపాటి నేలల నమూనాలలో 0.5 దాటిన ప్రతి అంకెను అనుమానంతో చూడడం, కనీసం అటువంటి నమూనాలకైనా సంతృప్త సార పరీక్ష చేయించడం ఈ పొరపాటుకు విరుగుడు.

దీనికి వ్యతిరేక దిశలోనూ పొరపాటు జరగవచ్చు. నేలలో జిప్సం ఉన్నట్లయితే నీరు ఎక్కువ కలిపినకొద్దీ అది మరింత కరుగుతుంది. జిప్సంతో సంతృప్తమైన నీటి వాహకత దాదాపు 2.2 డెసీసైమన్లు. అటువంటి నేలలో పలుచని ద్రావణం 2 చూపితే, దానిని 5తో గుణించి 10 అని నిర్ధారించడం తప్పు. కాబట్టి గుణకాలు అంచనాకు పనికివస్తాయి. తుది నిర్ణయానికి కావు.

కొలతలో జాగ్రత్తలు

అయాన్ల గమనం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. ప్రతి డిగ్రీకి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి ఫలితాన్ని ఎల్లప్పుడూ 25 డిగ్రీలకు సరిచేసి తెలపాలి. వాస్తవంగా 1.75 డెసీసైమన్ల వాహకత గల బోరు నీటిని, సవరణ సౌకర్యం లేని మాపకంతో 40 డిగ్రీల ఎండలో కొలిస్తే 2.27 చూపుతుంది. 60వ కరదీపిక ప్రకారం 2.25 దాటిన నీరు అత్యధిక లవణ తరగతికి చెందుతుంది. నీరు మారలేదు; ఎండ వల్ల తరగతి మారింది.

ఏకముఖ విద్యుత్తుతో కొలిస్తే ఎలక్ట్రోడుల వద్ద అయాన్లు పేరుకొని ఫలితం తప్పుతుంది. అందుకే మాపకాలలో ఏకాంతర విద్యుత్తును వాడతారు. ఎలక్ట్రోడు స్థిరాంకాన్ని 0.01 నార్మల్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూడాలి. 25 డిగ్రీల వద్ద దీని వాహకత 1.41 డెసీసైమన్లు. ఈ చిన్న పనిని ప్రతిరోజూ చేయని ప్రయోగశాల ఇచ్చే అంకెలపై వర్గీకరణ నిలవదు.

ప్రమాణాల పేర్ల విషయంలోనూ అప్రమత్తత అవసరం. మీటరుకు 1 డెసీసైమన్, సెంటీమీటరుకు 1 మిల్లీమో, సెంటీమీటరుకు 1,000 మైక్రోసైమన్లు – ఈ మూడూ ఒకటే. పాత పత్రాలలో మైక్రోమోలలో, కొత్త పత్రాలలో డెసీసైమన్లలో ఉన్న అంకెలను పోల్చేటప్పుడు వెయ్యి రెట్ల పొరపాటుకు తావుంది.

నమూనా సేకరణ కూడా కొలతలో భాగమే. వేసవిలో కేశనాళికల ద్వారా పైకి వచ్చిన లవణాలు ఉపరితలంపై పేరుకుంటాయి. వర్షాల తరువాత దిగువకు పోతాయి. బోదెల పద్ధతిలో లవణాలు బోదె శిఖరానికి చేరతాయి. కావున తేదీ, లోతు, బోదెపై స్థానం నమోదు కాని నమూనా ఫలితాన్ని మరో సంవత్సరపు ఫలితంతో పోల్చడానికి వీలుండదు. 0 – 15, 15 – 30, 30 – 60 సెంటీమీటర్ల లోతులలో వేరువేరుగా నమూనాలు తీయడం మంచిది.

విద్యుద్వాహకత చెప్పనివి

వాహకత లవణాల మొత్తాన్ని తెలుపుతుంది. సుమారు లెక్కలో ఒక డెసీసైమన్ లీటరుకు 640 మిల్లీగ్రాముల కరిగిన లవణాలకు, 10 మిల్లీతుల్యాంకాల ధన అయాన్లకు, 0.36 బార్ల ద్రవాభిసరణ పీడనానికి సమానం. కాని ఆ లవణాలు ఏవో తెలుపదు.

ఒకే గాఢతలో ఉన్నా అన్ని అయాన్లూ సమానంగా విద్యుత్తును మోయవు. అతి పలుచని ద్రావణాలలో క్లోరైడ్ తుల్యాంక వాహకత 76 కాగా, బైకార్బొనేట్‌ది 44.5 మాత్రమే. అందువల్ల బైకార్బొనేట్ నీరు అంతే తుల్యాంకాలు గల క్లోరైడ్ నీటి కంటే తక్కువ అంకె చూపుతుంది. నేలకు ఎక్కువ కాలం హాని చేసే క్షారజలాలే మాపకానికి తేలికగా కనిపిస్తాయి.

అయాన్లుగా విడిపోని పదార్థాలు మాపకానికి అసలే కనిపించవు. యూరియా ఇందుకు ఉదాహరణ. డ్రిప్ ద్వారా ఎరువులు అందించేటప్పుడు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపితే నీటి వాహకత వెంటనే పెరుగుతుంది. యూరియా ఎంత కలిపినా దాదాపు పెరగదు. అయితే వేరుపై ద్రవాభిసరణ ఒత్తిడిని యూరియా కూడా కలిగిస్తుంది. ఎరువుల ద్రావణ గాఢతను వాహకత ద్వారా మాత్రమే నియంత్రించే రైతులకు ఈ విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది సోడియం. పాల చౌడులో సంతృప్త సార వాహకత 4 కంటే ఎక్కువ, వినిమయ సోడియం 15 శాతం కంటే తక్కువ, ఉదజని సూచిక సాధారణంగా 8.5 లోపు ఉంటాయి. కారు చౌడులో వాహకత 4 కంటే తక్కువ, వినిమయ సోడియం 15 శాతం కంటే ఎక్కువ, ఉదజని సూచిక 8.5 పైన ఉంటాయి. మూడవ రకంలో వాహకత, సోడియం రెండూ ఎక్కువే. వాహకతను మాత్రమే చూసేవారికి కారు చౌడు మంచి నేలగా కనిపిస్తుంది. మూడవ రకం నేల పాల చౌడుగా కనిపిస్తుంది. దానికి జిప్సం వేయకుండా మంచినీటితో లవణాలను కడిగితే, వాహకత తగ్గి అంకె మెరుగుపడుతుంది గాని, మిగిలిన సోడియం వల్ల బంకమన్ను రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, గాలి ఆడదు. పరీక్షా పత్రం బాగుపడిందని చూపుతుండగానే పొలం పాడవుతుంది.

సాగునీటి వర్గీకరణ

60వ కరదీపిక సాగునీటిని వాహకత ఆధారంగా నాలుగు తరగతులుగా విభజించింది: 0.25 లోపు తక్కువ లవణ జలం, 0.25 – 0.75 మధ్యస్థం, 0.75 – 2.25 అధికం, 2.25 పైన అత్యధికం. ఆయర్స్, వెస్ట్‌కాట్ రూపొందించిన ఆహార, వ్యవసాయ సంస్థ 29వ పత్రం 0.7 లోపు ఏ ఆంక్షా లేదని, 0.7 – 3.0 మధ్య స్వల్పం నుంచి మధ్యస్థ ఆంక్ష అని, 3.0 పైన తీవ్ర ఆంక్ష అని పేర్కొన్నది. కర్నాల్‌లో 1969లో ఏర్పడిన కేంద్రీయ మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థ మార్గదర్శకాలలో వాహకతతో పాటు సోడియం అధిశోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేట్ అనే మరి రెండు కొలమానాలు ఉన్నాయి. వాహకత 2 లోపు, నిష్పత్తి 10 లోపు, అవశేష కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీతుల్యాంకాల లోపు ఉంటేనే అది మంచినీరు.

ఈ మూడింటి అవసరం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. రెండు బోర్ల నీటి వాహకత 1.8 డెసీసైమన్లే. మొదటి దానిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి 10, సోడియం 8, బైకార్బొనేట్ 4 మిల్లీతుల్యాంకాలు. నిష్పత్తి 3.6, అవశేష కార్బొనేట్ లేదు. రెండవ దానిలో కాల్షియం, మెగ్నీషియం 3, సోడియం 15, కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి 9. నిష్పత్తి 12.2, అవశేష కార్బొనేట్ 6. మొదటిది మంచినీరు. రెండవది తీవ్ర క్షారజలం. కొన్ని సంవత్సరాలు వాడితే నేల కారు చౌడుగా మారుతుంది. దీనిని వాడక తప్పని పరిస్థితిలో అవశేష కార్బొనేట్‌ను 2.5కు తగ్గించడానికి హెక్టారుకు 5 సెంటీమీటర్ల తడి ఒక్కొక్కదానికి సుమారు 150 కిలోల శుద్ధ జిప్సం అవసరం. 70 శాతం శుద్ధత గల జిప్సం అయితే 215 కిలోలు కావాలి.

తక్కువ వాహకత ఎల్లప్పుడూ మేలు కాదన్న విషయం కూడా గమనార్హం. 0.2 కంటే తక్కువ వాహకత గల నీరు ఉపరితల మట్టి కణికలను విడదీసి, నీరు ఇంకే వేగాన్ని తగ్గిస్తుంది.

నీటి వాహకత తెలిస్తే వేరు మండలం నుంచి లవణాలను దిగువకు పంపడానికి అదనంగా ఇవ్వవలసిన నీటిని లెక్కించవచ్చు. పైరు అవధి విలువను 5తో గుణించి, దాని నుంచి నీటి వాహకతను తీసివేసి, వచ్చిన అంకెతో నీటి వాహకతను భాగించాలి. 1.5 డెసీసైమన్ల నీటితో మొక్కజొన్న పండించేటప్పుడు ఇది 1.5ను 7.0తో భాగించగా 0.21, అంటే ఇచ్చే నీటిలో దాదాపు ఐదవ వంతు వేరు మండలం దాటి పోవాలి. అయితే మురుగు పారే మార్గం లేని చోట ఈ అదనపు నీరు భూగర్భ జలమట్టాన్ని పెంచి, అవే లవణాలను తిరిగి పైకి తెస్తుంది. మురుగు కాలువ లేనిదే కడిగివేతను సిఫారసు చేయరాదు.

తీర ప్రాంతంలో అన్వయం

బాపట్ల పరిసర తీర ఇసుక నేలలలో దొరువుల ద్వారా సాగు తరతరాలుగా ఉంది. వర్షపు నీరు ఇసుకలో ఇంకి, సాంద్రత అధికంగా ఉన్న ఉప్పునీటిపై పలుచని మంచినీటి పొరగా తేలియాడుతుంది. దొరువు నుంచి ఆ పైపొర నీటిని మాత్రమే తోడుకుంటారు. ఎక్కువ లోతు నుంచి, ఎక్కువ వేగంతో తోడితే ఉప్పునీరు పైకి పొంగుతుంది. ఈ సంప్రదాయ పద్ధతిని బాపట్లలోని లవణజల పరిశోధన కేంద్రం మెరుగుపరచింది. ఇక్కడ వాహకత మాపకం వర్గీకరణకు మాత్రమే గాక, నిర్వహణకూ సాధనమవుతుంది. తోడే నీటి వాహకత క్రమంగా పెరగడం మొదలైతే మోటారు ఆపవలసిన సమయం వచ్చినట్లే. రుచి చూసి తెలుసుకునే అనుభవజ్ఞుడైన రైతు చేసే పనినే మాపకం ముందుగా, అంకెలలో చేస్తుంది.

ముగింపు

పదార్థాలను వాహకత ఆధారంగా వర్గీకరించేటప్పుడు భౌతిక శాస్త్రజ్ఞునికి పదార్థం పేరు, ఉష్ణోగ్రత తెలిస్తే చాలు. నేల విషయంలో అవి చాలవు. ఫలితంతో పాటు నేల, నీటి నిష్పత్తి, నేల ఆకృతి, నమూనా లోతు, తేదీ, 25 డిగ్రీలకు సవరణ జరిగినదీ లేనిదీ నమోదు కావాలి. వాహకత పక్కన ఉదజని సూచికను, అనుమానం ఉన్నచోట వినిమయ సోడియంను, నీటికి అవశేష కార్బొనేట్‌ను చేర్చి చదవాలి. విస్తరణ శాస్త్రవేత్త పరీక్షా పత్రాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న అంకె ఎంత అని కాదు. ఆ అంకె ఏ ద్రావణంలో కొలిచినది అని. ఆ ప్రశ్నకు సమాధానం లేని పత్రం ఆధారంగా జిప్సం గాని, కడిగివేత గాని, పైరు మార్పిడి గాని సిఫారసు చేయకుండా నమూనాను తిరిగి పరీక్షకు పంపడమే సరియైన సిఫారసు.